శంకువు నీడ

శామీర్‌పేట రోడ్డు పొడవునా ఇప్పుడు ఎటు చూసినా శంకుస్థాపనలే. ఆ మాటలోని శంకువు ఏమిటని అడిగేవాళ్లు మాత్రం తక్కువ. నేల మీద నిటారుగా నిలిపే మేకు అది. పూర్వం దాని నీడతోనే దిక్కులు తేల్చేవారు. సూర్యసిద్ధాంతంలో దాని ఎత్తు 12 అంగుళాలు, అంటే జానెడు. ఇక్కడి జీనోమ్ వ్యాలీ పరిశోధన ల్యాబుల్లోకి పిల్లలు వెళ్లలేరు గానీ, నీడతో దిక్కులు తేల్చే ప్రయోగానికి ఇంటి డాబా చాలు.

జానెడు పుల్లను నిలబెట్టి, దాని ఎత్తే వ్యాసార్ధంగా చుట్టూ సుద్దతో వృత్తం గీయాలి. పొద్దున నీడ వృత్తం దాటి పడమటికి పడుతుంది. ఎండెక్కే కొద్దీ కురచవుతూ, మే నెలలో 9 దాటిన కాసేపటికి దాని కొస గీతను తాకుతుంది. అక్కడో చుక్క. మధ్యాహ్నం 3 దాటాక తూర్పు వైపు మళ్లీ తాకుతుంది. అక్కడో చుక్క. రెండూ కలిపితే తూర్పు పడమరలు. ఫోన్‌లోని దిక్సూచి స్లాబులోని ఇనుముకు తడబడొచ్చు, నీడకు ఆ బెడద లేదు.

చిక్కంతా నిటారు దగ్గరే. మొదటి ఏడాది నాకు లెక్క కుదరలేదు. వాన నీళ్లు జారడానికి డాబాకు వాటం ఇస్తారు కదా, నేను పుల్లను ఆ వాలుకే సరిచూశాను. మరుసటి ఏడు పీట వేసి, నీళ్లు పోసిన పళ్లెంతో మట్టం చూసి, ఒక పక్క అట్టముక్క దోపాను. దారానికి తాళంచెవి కట్టి వేలాడదీసి, రెండు వైపుల నుంచీ పుల్లను దానితో సరిపోల్చాను. అయినా నీడ కొస కాస్త మసకగానే ఉంటుంది. సూర్యుడు చుక్క కాదు, మన కంటికి అర డిగ్రీ వెడల్పున్న బిళ్ల.

మేడ్చల్, శామీర్‌పేట రెండూ 17.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉన్నాయి. అందుకే ఏడాదికి రెండుసార్లు, మే 10, ఆగస్టు 3 ప్రాంతాల్లో, సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆగస్టులో మబ్బులు అడ్డం, మే నెలే నమ్మకం. అదీ 12కి కాదు, 12 గంటల 12 నిమిషాలకు. మన గడియారాలు నడిచేది తుని పరిసరాల మీదుగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి. మనం దానికి పడమట ఉన్నాం.

ఆ రోజు మన పుల్లకు నీడ ఉండదు. మేడ్చల్ మీదుగా పోయే 44వ జాతీయ రహదారి చివర, కన్యాకుమారిలో, నడిమధ్యాహ్నం మీటరు కర్రకు 17 సెంటీమీటర్ల నీడ పడుతుంది. అంటే 9.5 డిగ్రీల వాలు. పటంలో ఉత్తర దక్షిణంగా కొలిస్తే ఈ రెండు ఊళ్ల మధ్య దూరం సుమారు 1,060 కిలోమీటర్లు. 360ని 9.5తో భాగించి, వచ్చినదాన్ని ఆ దూరంతో గుణించండి. దాదాపు 40 వేల కిలోమీటర్లు, భూమి చుట్టుకొలత! సుమారు 2,200 ఏళ్ల కిందట ఎరటోస్తనీస్ అనే గ్రీకు పండితుడు ఈజిప్టులో కట్టిన లెక్క ఇదే.

మొన్న మేలో మా తమ్ముడి కూతురు పీట పక్కనే గొంతుక్కూర్చుంది. నల్లటి గీత సన్నబడి, పుల్ల మొదట్లోకి ముడుచుకుపోయింది. "పెదనాన్నా, నీడ పుల్ల కిందికి దూరింది!" అని అరిచింది. జూన్ 21న అదే నీడ దక్షిణానికి పడుతుందని చెబితే నమ్మలేదు. క్యాలెండర్‌లో ఆ తేదీ చుట్టూ గీత గీసి, ఆ రోజు మబ్బు పట్టకూడదని అప్పటి నుంచే ఆకాశం చూస్తోంది.