అర్జీ చేతికందిన పొద్దు

ఎమ్మెల్యే పనితనం అసెంబ్లీలో కంటే ముందు పొద్దున్నే ఇంటి దగ్గర తేలుతుంది. తంబళ్లపల్లె లాంటి మెట్టప్రాంతంలో మరీనూ. ములకలచెరువు, పెద్దమండ్యం, పెద్దతిప్పసముద్రం, కురబలకోట, బి.కొత్తకోట, తంబళ్లపల్లె, ఆరు మండలాల జనానికి ఒక్కడే ఎమ్మెల్యే. ఒకాయన చేతిలో ఆసుపత్రి బిల్లులు. ముఖ్యమంత్రి సహాయనిధికి సిఫారసు కావాలి. ఒకామెకు పాసుపుస్తకంలో విస్తీర్ణం తగ్గింది. ఇంకొకరికి తిరుమల బ్రేక్ దర్శనానికి లెటర్ (ఈ ఒక్క కాగితం కోసం ఎన్ని చుట్టరికాలు గుర్తొస్తాయో!). అర్జీ చదువుతూనే "ఏమప్పా, మీ నాయన బాగుండాడా?" అని పలకరించి, అది తహసీల్దారుకు పోవాలా, కలెక్టరుకా అని అక్కడికక్కడే తేల్చి ఫోను కలపడం చిన్న విద్య కాదు. కాని పనిని కాదని చెప్పి కూడా మనిషిని దూరం చేసుకోకపోవడం అంతకన్నా కష్టం.

ఓటరు తక్కువవాడా? 2014లో ఇక్కడ తెలుగుదేశం తరఫున శంకర్ గెలిచారు. 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి పెద్దిరెడ్డి ద్వారకానాథరెడ్డి. 2024లో ఆ పార్టీకి 175లో 11 సీట్లే దక్కినా తంబళ్లపల్లెలో మళ్లీ ఆయనే. ప్రతిపక్ష ఎమ్మెల్యే ఫోనుకు అధికారి ఆలస్యంగా పలకొచ్చు. వాకిట్లో నిలబడ్డవాళ్లకు ఆ లెక్క పట్టదు, సంతకం ఈరోజే కావాలి.