అయిదో ఊరు

ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరకు వెళితే ఎద్దుల బేరం దగ్గర కాసేపు నిలబడండి. దళారీ, కొనేవాడూ తువ్వాలు కింద చేతులు కలుపుతారు. వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు. చుట్టూ ఉన్నవాళ్ళకు ఏమీ తెలియదు. ఆ ఇద్దరికీ మాత్రం రూపాయితో సహా తెలుసు.

మా ఆదోనిలో పెళ్ళిమాటలు దీనికి సరిగ్గా తలకిందులు. "మాకేం వద్దప్పా! మీ బిడ్డకు మీకు తోచింది పెట్టుకోండి" అంటారు మగపెళ్ళివారు. పదిమందీ వింటారు. ఎంతో మాత్రం ఎవరికీ తెలియదు. 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చింది కదా, అంకె నోట రాదు మరి!

భారతంలోనూ ఇలాంటి మాట ఒకటుంది. తిరుపతి వేంకట కవుల నాటకాల్లో కృష్ణుడి పద్యాలకు వన్స్‌మోర్ కొట్టే మనం దాన్ని అంతగా పట్టించుకోం. వ్యాసుడి ఉద్యోగపర్వంలో ధర్మరాజు, అయిదూళ్ళిస్తే చాలునని సంజయుడితో కబురంపుతాడు. నాలుగింటికి పేర్లు చెబుతాడు. అయిదోది ఏదో ఒకటి అంటాడు. కాలేజీ రోజుల్లో ఇది మెతకతనమనుకున్నాను. ఇప్పుడలా అనిపించదు. ఆ నాలుగింటిలో వారణావతం ఉంది. లక్క ఇంట్లో తమను తగలబెట్టబోయిన ఊరు! మరిచిపోలేదని చెప్పడమే కదా అది? ఇక పేరులేని అయిదో ఊరు, ఎదుటివాడి పరువు కోసం తీసి ఉంచిన తలుపు. నా ఇష్టంతోనే ఇచ్చానని అతను చెప్పుకోవచ్చు. దుర్యోధనుడు సూదిమొన మోపినంత నేలైనా ఇవ్వనని ఆ తలుపు మూసేశాడు.

నేను ఆర్ట్సు చదివినదాన్ని, లెక్కలంటే ఆమడ దూరం. అయినా 1982లో క్రాఫర్డ్, సోబెల్ అనే ఆర్థికవేత్తలు గేమ్ థియరీ లెక్కలతో తేల్చిన సంగతి నచ్చింది. ఇద్దరి లాభాలూ ఎంత ఎడమైతే, మధ్య నడిచే మాట అంత మసకగా ఉంటుందట. వియ్యాలవారికి ఇది లెక్కలు రాకుండానే తెలుసు!

అయితే ఆ మాటను విప్పి చెప్పే హక్కు ఎవరిదన్నదే అసలు సంగతి. ధర్మరాజు దాన్ని ఇచ్చేవాడికి వదిలాడు. పెళ్ళిలో పుచ్చుకునేవాళ్ళే దాన్ని దగ్గర ఉంచుకుంటారు. మా బంధువులమ్మాయి పెళ్ళయిన మూడో నెలలో పుట్టింటికొచ్చింది. "ఏమడిగినారే?" అన్నాను.

"ఏమీ అడగలేదక్కా. 'మీ నాయనకు ఇంతే తోచిందా?' అన్నారు, అంతే."

ఈసారి పెళ్ళిమాటల్లో నేనుంటే, 'తోచింది' అంటే 'ఏమీ లేదు' అనే అర్థమని పదిమందిలో వాళ్ళచేతే అనిపించి గానీ లేవను.