గాజుల కొట్టు మాట

ధూల్‌పేట్‌లో ఏ సీజన్ పని ఆ సీజన్‌దే. వినాయక విగ్రహాలు, రాఖీలు, సంక్రాంతికి పతంగులు. మండపం వాళ్లు ఏటా అదే కార్ఖానాకు వస్తున్నారంటే ఆ చేతి మీద గురి. పురానాపూల్ దాటి చార్మినార్ పక్కన లాడ్‌బజార్‌కు వస్తే అదే గురి పెళ్లిళ్ల మీద నడుస్తుంది.

పెళ్లికూతురి తల్లి సంచిలోంచి జాకెట్ ముక్క తీస్తుంది. "ఇదే రంగు గాజులు కావాలి భాయ్, శుక్రవారానికల్లా." కొట్టతను గుడ్డను వెలుతురులో పట్టి చూసి కారీగర్‌కు ఫోన్ చేస్తాడు. అక్కడ బొగ్గుల సెగ మీద లక్క మెత్తబడాలి, రంగు కలవాలి. తాడులా సాగదీసి, గుండ్రంగా చుట్టి, వేడి ఆరకముందే రాళ్లు ఒక్కొక్కటీ అద్దాలి. చల్లారితే రాయి పట్టదు. "శుక్రవారం కాదు భాయ్, ఆదివారం" అని మొహమాటం లేకుండా చెప్పే కారీగర్‌నే నేను మెచ్చుకుంటాను. కొట్టతను మళ్లీ పిలిచేదీ అతన్నే.

టైలరు గాజుల కొట్టు పేరు చెబుతాడు, కొట్టతను మెహందీ అమ్మాయి నంబరిస్తాడు. కమీషన్లు ఉంటే ఉండనీండి. అక్క పెళ్లిలో రాళ్లు రాలితే చెల్లెలి పెళ్లికి ఆ ఇంటివాళ్లు ఇటు తొంగిచూడరని అందరికీ తెలుసు.

2024లో హైదరాబాద్ లక్క గాజులకు జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. కొట్టు నడిచేది మాత్రం ఇంకా ఆ గురి మీదే. మీరు ఆర్డరిచ్చేటప్పుడు బేరం ఆడండి, తప్పులేదు. అడ్వాన్సు మాత్రం ఆ రోజే ఇవ్వండి.