తుంచిన చోటు ఆరనివ్వండి

ముదిరిన రణపాల ఆకు ఒకటి తెంపి, నీడపట్టున తడి మట్టి మీద పరిచి చూడండి. కొద్దిరోజుల్లో ఆకు అంచున ఉన్న గంట్లలోంచి సన్నటి వేళ్లు దిగుతాయి. ఆ వెనకే చిట్టి జంటాకులు లేస్తాయి. ఒక్క ఆకుకే నాలుగైదు పిల్లమొక్కలు! ఆకు తల్లిమొక్కను అంటిపెట్టుకుని ఉన్నంతకాలం ఆ గంట్లలోని మొగ్గలు చాలావరకు నిద్రలోనే ఉంటాయి. కాడ తెగితే లేస్తాయి. పిల్లలు ఎదిగేకొద్దీ పెద్దాకు వడిలి ముడుచుకుపోతుంది. అసహ్యంగా ఉందని దాన్ని అప్పుడే తీసేయకండి. అందులోని నీరూ ఆహారమూ ఇంకా పిల్లలకు అందుతూనే ఉంటాయి.

నర్సరీలవాళ్లు ‘సక్యులెంట్లు’ అని పేరుపెట్టి అమ్మకముందే ఈ కండగల మొక్కలు మన పెరళ్లలో ఉన్నాయి. రణపాల, కలబంద, నల్లేరు, గడ్డిగులాబీ... వీటిని డబ్బిచ్చి కొన్న ఇళ్లు తక్కువ. “వదినగారూ, రెండు రణపాలాకులిస్తారా?” అని పిట్టగోడ మీదుగా అడిగి తెచ్చుకున్నవే ఎక్కువ. ఇలా ఆకుతోనో కొమ్మతోనో పెరిగిన మొక్క విత్తనపు మొక్కలా కొత్త జీవి కాదు, పాత మొక్కకే కొనసాగింపు. అడిగినవాళ్లకల్లా ఇస్తూపోతే వీధివీధంతా ఒకే రణపాల ఉండవచ్చు. ఖర్చులేని ఈ పంపకాన్ని మనం చాలా తక్కువగా చూస్తున్నామని నా అభిప్రాయం.

కొమ్మ తుంచగానే మట్టిలో గుచ్చి చెంబుడు నీళ్లు పోయడం మనకు అలవాటు. మందారానికి చెల్లే ఆ పద్ధతి వీటికి చేటు. కండ నిండా నీరే కాబట్టి, పచ్చి గాయంతో తడి మట్టిలోకి వెళ్తే బూజు పట్టి అడుగు నుంచి కుళ్లుతుంది. తుంచినదాన్ని గాలి ఆడే నీడలో వదిలేయాలి. జేడ్ కొమ్మకు మూడు నాలుగు రోజులు, లావాటి జెముడు ముక్కకు వారం, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. కోస్తా ఉక్కలో, ముసురు రోజుల్లో మరింత ఆలస్యమవుతుంది. రోజులు లెక్కపెట్టడం కన్నా వేలితో తాకి చూడటం మేలు. కోత గట్టిపడి, పొడిగా తగిలితే నాటవచ్చు. నాటాక కూడా నాలుగైదు రోజులు ఆగి నీళ్లు పోయాలి.

వేళ్లు లేని ముక్క అన్నాళ్లు వాడకుండా ఎలా ఉంటుంది? దీని ఆనవాలును తొలినాళ్లలోనే పట్టుకున్న ఒక మనిషికి మన సామర్లకోటతో సంబంధం ఉంది. 1790ల్లో అక్కడి ఈస్టిండియా కంపెనీ తోటలో పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ హైన్, రణపాల ఆకు తెల్లవారుజామున పుల్లగా, మధ్యాహ్నానికి చప్పగా ఉండటం గమనించాడు. ఆయన రాసిన ఆ సంగతి 1815లో లండన్ లిన్నియన్ సొసైటీ పత్రికలో అచ్చయింది. కారణం తర్వాతి శాస్త్రజ్ఞులు తేల్చారు. ఈ మొక్కలు చాలావరకు పగలు ఆకురంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లదనంలో తెరుస్తాయి. అప్పుడు పీల్చిన బొగ్గుపులుసు వాయువును మాలిక్ ఆమ్లంగా దాచుకుని, పగలు ఎండతో ఆహారం వండుకుంటాయి. తెల్లవారి పులుపు ఆ ఆమ్లానిదే. ఎండవేళ రంధ్రాలు మూసి ఉంటాయి గనుక నీరు ఆవిరైపోదు.

అన్నిటికీ ఆకు పద్ధతి పనికిరాదు. కలబంద మట్టను గుచ్చితే చివరికి కుళ్లు వాసనే మిగులుతుంది. దానికి మొదలు దగ్గర వచ్చే పిలకలే దారి. నాలుగైదు మట్టలు తొడిగి, సొంత వేళ్లు పట్టిన పిలకను వేళ్లు తెగకుండా విడదీయాలి. ఎచెవేరియా ఆకును మొదలంటా, మెల్లగా పక్కలకు కదిపి ఊడదీయాలి. కొత్త మొలక వచ్చేది ఆ మొదలు నుంచే కాబట్టి సగంలో తెగితే లాభంలేదు. పసుపు అంచున్న స్నేక్ ప్లాంట్ ఆకును ముక్కలు చేసి నాటితే పచ్చటి మొక్కలే వస్తాయి. అంచు నిలవాలంటే దుంపనే విడదీయాలి. నల్లేరు సంగతి చెప్పేదేముంది, కణుపు మట్టికి తగిలితే చాలు. ఆకుజెముడు, కాడజెముడు కోసేటప్పుడు మాత్రం చేతులకు తొడుగులు ఉండి తీరాలి. వాటి పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం.

ఇక నాటడానికి కావలసినవి: మట్టికుండీ, అడుగున చిల్లు, దాని మీద పెంకు ముక్క. ఎర్రమట్టి ఎంతో ముతక ఇసుక అంత, కాస్త ఇటుక నలుసులు. ఎరువు ఇప్పుడే అక్కర్లేదు.

దొంగిలించిన మొక్కే బాగా బతుకుతుందని మనవాళ్లలో ఓ నమ్మకం ఉంది. నేను ఒప్పుకోను. అడిగి తెచ్చుకుంటే అది ఎండలో పెరిగిందో నీడలో పెరిగిందో, ఎన్నాళ్లకోసారి నీళ్లు పోస్తున్నారో కూడా తెలుస్తుంది. నీడలో పెరిగిన పిలకను తెచ్చి మే నెల డాబా మీద పెడితే మాడిపోతుంది. కొన్నాళ్లు వరండాలో ఉంచి, ముందు పొద్దుటెండ అలవాటు చేసి, ఆ తర్వాతే పైకి ఎక్కించాలి.