చుక్క కూడా లెక్కే

ఆదివారం బెంగళూరు పీణ్యలో మిషన్లు ఆగితే బంతి మొదలవుతుంది. వారమంతా సీఎన్‌సీ మిషన్ల మీద, పౌడర్ కోటింగ్ షెడ్లలో, గార్మెంట్స్‌లో పనిచేసే కుర్రాళ్లు ఖాళీ జాగా ఎక్కడ దొరికితే అక్కడ టెన్నిస్ బంతితో మ్యాచ్ పెట్టుకుంటారు. హిందూపురం, మదనపల్లె, చిత్తూరు వైపు నుంచి వచ్చిన మనవాళ్లూ ఆ జట్లలో ఉంటారు. గట్టు మీద కూర్చుని స్కోరు రాయడం నా పని. ఆట మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు అదే.

స్కోరు రాసేవాడు ప్రతి బంతికీ సాక్షి. పరుగు రాకపోతే చుక్క పెట్టాలి. వైడ్‌కి కూడిక గుర్తు, నోబాల్‌కి చిన్న వలయం, బైకి త్రికోణం, లెగ్‌బైకి తలకిందుల త్రికోణం. ఓవరంతా ఒక్క పరుగూ రాకపోతే ఆరు చుక్కల్నీ గీతతో కలిపి ఇంగ్లీషు ‘ఎం’ చేస్తాం. ఆ ఓవర్లో వికెట్ కూడా పడితే ‘డబ్ల్యూ’ అవుతుంది. అంపైరు సైగ చేస్తే, చూశామని మనమూ చెయ్యెత్తి చెప్పాలి. అసలు పరీక్ష ఇన్నింగ్స్ ముగిశాక ఉంటుంది. బ్యాటర్ల పరుగులకు ఎక్స్‌ట్రాలు కలిపితే ఎంత వస్తుందో, బౌలర్లు ఇచ్చిన పరుగులకు బైలు, లెగ్‌బైలు కలిపినా అంతే రావాలి. ఒక్క పరుగు తేడా వచ్చినా మొదటి ఓవర్ నుంచి వేలు పెట్టి వెతకాల్సిందే. పీణ్యవాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. మైక్రోమీటర్‌తో కొలిచి రిపోర్టులో ఎక్కించని పీసు ఎంత నున్నగా ఉన్నా గేటు దాటదు.

ఇప్పుడు పుస్తకం పక్కన ఫోనూ ఉంటోంది. యాప్‌లో బంతి బంతికీ నొక్కితే, ఆ లింకు వాట్సాప్ గ్రూపుల్లోకి వెళ్తుంది. ఒకసారి ఓ కుర్రాడు బ్యాటింగ్‌కి దిగబోతూ నా దగ్గరికొచ్చి, “అన్నా, మా నాయన ఊర్లో చూస్తాంటాడు. సరిగ్గా ఎక్కించు” అన్నాడు. ఆ మాటతో నా పని బరువు నాకు తెలిసొచ్చింది. మైదానంలో పట్టుమని పాతికమంది లేని ఆట, రాసే చెయ్యి ఒకటుంటే ఎంతో దూరం పోతుంది.

ఈ రాత ఎంత దూరం పోగలదో చూపించినవాళ్లు అమెరికాలోని బేస్‌బాల్ అభిమానులు. వాళ్ల స్కోరు పద్ధతిని తీర్చిదిద్దిన హెన్రీ చాడ్విక్ ఇంగ్లండ్‌లో పుట్టినవాడు. పత్రికలకు క్రికెట్ వార్తలు రాస్తూ బేస్‌బాల్ వైపు వచ్చాడు. 1971లో కూపర్స్‌టౌన్‌లో 16 మంది అభిమానులు కూడి బేస్‌బాల్ పరిశోధన సంఘం పెట్టుకున్నారు. 1989లో మొదలైన రెట్రోషీట్ అనే సంస్థ పాత మ్యాచ్‌ల స్కోరు షీట్లు వెతికి తెచ్చి, అందరికీ ఉచితంగా అందుబాటులో పెట్టింది. ఆ పని చేసేదంతా స్వచ్ఛందంగా వచ్చిన అభిమానులే.

వాళ్లలో నా మనసుకు దగ్గరైన మనిషి బిల్ జేమ్స్. కాన్సాస్‌లో బీన్స్ డబ్బాలు చేసే ఫ్యాక్టరీకి రాత్రి కాపలా కాస్తూ ఆటగాళ్ల లెక్కలు వేసుకునేవాడు. 1977లో సొంతంగా పుస్తకం వేస్తే 75 కాపీలు అమ్ముడయ్యాయి. అయినా మానలేదు. ఆయన దారిలో నడిచిన అభిమానులు ఇంటర్నెట్ వచ్చాక వేలకు వేలుగా కలుసుకున్నారు. ఎవరు మంచి ఆటగాడన్న వాదనను కేకలతో కాకుండా అంకెలతో తేల్చుకోవడం అలవాటు చేసుకున్నారు. చివరికి పెద్ద జట్లే వాళ్లను పిలిచి ఉద్యోగాలిచ్చాయి. బోస్టన్ రెడ్ సాక్స్ జట్టు బిల్ జేమ్స్‌ను సలహాదారుగా పెట్టుకుంది. 2004లో ఆ జట్టు 86 ఏళ్ల తర్వాత ఛాంపియన్ అయింది. పీణ్యలో నైట్ షిఫ్ట్ చేస్తూ టీ విరామంలో స్కోర్లు చూసుకునే కుర్రాళ్లకు ఈ కథ తెలియాలని నా కోరిక.

మన ఆటకూ ఇలాంటి చరిత్రే ఉంది. 1993లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఉన్న సైమన్ కింగ్ అనే బ్రిటిష్ పరిశోధకుడు క్రిక్‌ఇన్ఫో మొదలుపెడితే, దాన్ని నిలబెట్టినవాళ్లలో విదేశాల్లో చదువుకుంటున్న మన విద్యార్థులు ఎందరో ఉన్నారు. టీవీ ఉన్నవాడు చూసి టైపు చేస్తే, లేనివాడు చదివి ఆనందించాడు. జీతం లేదు, పేరూ లేదు. 2001 మార్చిలో ఈడెన్ గార్డెన్స్‌లో మన లక్ష్మణ్ కొట్టిన 281ని సముద్రాల అవతల ఎందరో తెలుగువాళ్లు కంప్యూటర్ తెర మీద అక్షరాల్లోనే చూశారు.

అభిమానులు ఒక్కచోట చేరితే పుట్టే బలం ఇది. అదే బలం అదుపు తప్పితే ఏమవుతుందో ఇదే ఊళ్లో చూశాం. 2025 జూన్ 3న రాయల్ ఛాలెంజర్స్ బెంగళూరు మొదటిసారి ఐపీఎల్ గెలిచింది. మర్నాడు ఊరేగింపు ఉందని ఒక కబురు, లేదని మరో కబురు ఫోన్లలో తిరిగాయి. చిన్నస్వామి స్టేడియంలో పట్టేది దాదాపు 35,000 మంది, బయటికి వచ్చినవాళ్లు లక్షల్లో. గేట్ల దగ్గర తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు. తప్పు ఏర్పాట్ల బాధ్యత ఉన్నవాళ్లదే. ప్రాణాలు పోగొట్టుకున్న అభిమానుల మీద నేను నింద వెయ్యను. కాకపోతే ఒక కబురు ఎంతమందిని కదిలించగలదో ఆ రోజు తెలిసింది. దాన్ని పంపే చేతికి స్కోరరు నియమం ఉండాలంటాను. అంపైరు సైగ చూడందే రాయకూడదు. లెక్క రెండు వైపులా కుదరందే ప్రకటించకూడదు.

అందుకే జట్టు పెట్టుకునే ప్రతివాళ్లకూ నాదొక మాట. బ్యాటూ బంతీ కొన్నట్టే స్కోరు పుస్తకం కూడా కొనండి. ఆడే అవకాశం రాని కుర్రాణ్ణి నీళ్ల సీసాలు మొయ్యడానికే పెట్టకండి. ఆదివారం గట్టు మీద నా పక్కన కూర్చోబెట్టండి. చుక్క దగ్గర నుంచి మొదలుపెట్టి నేర్పిస్తాను.