జ్ఞాపకమును గల్పనయు: ‘స్కైరిమ్’ క్రీడయందలి రాజద్రోహవాదముల విమర్శనము

గ్రంథమునందుఁ జెప్పఁబడని యర్థమును జదువరి యూహించుట దోషము కాదు. అట్టి యూహ లేనిచో వ్యాఖ్యానమే పుట్టదు. సూత్రకారుఁడు మితాక్షరముగఁ జెప్పినదానిని వృత్తికారుఁ డధ్యాహారముచేఁ బూరించును. కవి సూచించి విడిచినదానిని సహృదయుఁడు గ్రహించును. కాని యూహకు మేర యుండవలయును. ఆ మేర యెట్టిదో విచారించుటకుఁ బ్రాచీనగ్రంథములే కాక నూతనరచనలును బనికివచ్చును. కంప్యూటరుపై నాడఁబడు పాత్రధారణక్రీడ లట్టి రచనలు.

ఈ క్రీడలందు ఆడువాఁ డొక పాత్రను ధరించి కల్పితలోకమున సంచరించును. అందలి జనులతో మాటలాడును. అచ్చటి గ్రంథములఁ జదువును. పోరాడు పక్షములలో నొకదానిఁ జేరి కథ నడుపును. చదువరియు నటుఁడును నొక్కఁడే యగుట వీని విశేషము. అమెరికాదేశమందలి బెథెస్డా సంస్థవారు 1994 లో నారంభించిన ‘ఎల్డర్ స్క్రోల్స్’ అను క్రీడామాల వీనిలోఁ బేరొందినది. 1996 లో ‘డాగర్‌ఫాల్’, 2002 లో ‘మారోవిండ్’, 2006 లో ‘అబ్లివియన్’, 2011 లో ‘స్కైరిమ్’ అను భాగములు వెలువడినవి. కథాస్థలము టామ్రియెల్ అను కల్పితఖండము. కథావస్తువు దానిని బాలించిన సామ్రాజ్యముయొక్క యుత్థానపతనములు. ఈ కథపై నభిమానులు సిద్ధాంతములఁ బెక్కింటిని లేవనెత్తియున్నారు. వానిలోఁ బ్రసిద్ధములైనవి కొన్ని యొక్క ప్రశ్నచుట్టునే తిరుగుచున్నవి: సామ్రాజ్యమును దెరవెనుకనుండి నాశము చేయు దుష్టుఁ డెవ్వఁడు?

ఈ వాదములఁ బరీక్షించుటకు ముందు మూలగ్రంథముయొక్క స్వభావము నెఱుఁగవలయును. ఆలంకారికులు కవి తాను బలికిన మాటకును, కవి కల్పించిన వక్త పలికిన మాటకును భేదమును జూపిరి. ఆ భేదమును బ్రమాణవిచారమున కన్వయించినచో, ఈ క్రీడామాలయందలి చరిత్ర దాదాపుగా రెండవజాతి వాక్యములచేతనే యేర్పడినదని తేలును. 1998 నాఁటి ‘రెడ్‌గార్డ్’ క్రీడతోఁ గూడ నొక చిన్న యచ్చుపుస్తకము వెలువడినది. అది సామ్రాజ్యభూగోళసంఘమువారు ప్రకటించినట్లు కల్పింపఁబడిన రాజస్తుతి. దాని యంచులందు సామ్రాజ్యవిరోధి యొకఁడు చేతివ్రాఁతతోఁ జేసినట్లున్న యాక్షేపణములు గలవు. ఈ రెండింటిలో దేనిని నమ్మవలయునో కర్తలు చెప్పలేదు. స్తుతియుఁ బక్షపాతమే, ఆక్షేపణమును బక్షపాతమే.

మఱియొక చిక్కు గలదు. ‘డాగర్‌ఫాల్’ కథకుఁ బరస్పరవిరుద్ధములైన ముగింపులు పెక్కు గలవు. తుల్యబలములైన విధులకు విరోధము గలిగినచో మీమాంసకులు వికల్పము నంగీకరింతురు. అప్పుడును నొక ప్రయోగమున నొకటియే యనుష్ఠేయము. క్రీడాకర్తలు మాత్రము తరువాతి భాగములలో నా ముగింపు లన్నియు నొక్కమాఱే జరిగినవనియు, అప్పుడు కాలమే భగ్నమయ్యెననియుఁ జెప్పి, విరుద్ధముల సముచ్చయమునే సిద్ధాంతముఁ జేసిరి. దీనిని జూపి, ఈ లోకమున నేయూహయైనఁ జెల్లునని కొందఱు వాదింతురు. అది సరికాదు. కర్త లొకచోట విరోధమును స్పష్టముగ నంగీకరించుట సర్వత్ర నిరంకుశకల్పనకు ననుజ్ఞ కాదు. అపవాద మపవాదముగనే నిలుచును. అది యుత్సర్గము కాఁజాలదు.

‘స్కైరిమ్’ కథ నాల్గవ యుగమున 201 వ సంవత్సరమున జరుగును. అంతకుఁ బూర్వము 171 మొదలు 175 వఱకును సామ్రాజ్యమునకును, ఎల్ఫ్‌జాతివారి రాజ్యమునకును మహాయుద్ధము జరిగినది. ఆ రాజ్యమును నడపు వర్గమునకు థాల్మోర్ అని పేరు. చక్రవర్తి రెండవ టైటస్ మీడ్ వైట్‌గోల్డ్ సంధికి సమ్మతించెను. ఆ సంధి తాలోస్ అను దేవుని యారాధనమును నిషేధించినది. తాలోసన్న నితరుఁడు కాఁడు. పూర్వము టామ్రియెల్ ఖండమునంతయు జయించి యేకచ్ఛత్రముఁ జేసిన టైబర్ సెప్టిమ్ చక్రవర్తియే మరణానంతరము దేవుఁడుగఁ బూజింపఁబడెను. అనఁగా సామ్రాజ్యము తన మూలపురుషుని పూజను దానే మాన్పించుట కొడంబడినది. స్కైరిమ్ దేశపు నార్డ్ ప్రజలలోఁ బెక్కుమంది దీనిని సహింపలేదు. విండ్‌హెల్మ్ నగరాధిపతియగు అల్ఫ్రిక్ స్టార్మ్‌క్లోక్ ఆ దేశపు రాజును జంపి తిరుగుబాటు చేసెను. ఆడువాఁ డీ యంతర్యుద్ధమున సామ్రాజ్యపక్షమునైనను దిరుగుబాటుదారుల పక్షమునైనను జేరవచ్చును.

అభిమానుల సిద్ధాంతములకుఁ దగిన యొరగల్లు వ్యాకరణశాస్త్రమున దొరకును. జ్ఞాపకమునకుఁ బాణినీయులు నాలుగంశములు చెప్పుదురు. తెలిసిన నియమములతోనే చూచినచో సూత్రమందలి పదము వ్యర్థము కావలయును, ఇది వైయర్థ్యము. ఆ వ్యర్థత కంఠోక్తముగఁ జెప్పఁబడని నియమము నొకదానిని దెలుపవలయును, ఇది జ్ఞాపనము. ఆ నియమము నంగీకరించినంతట నా పదము సార్థకము కావలయును; ఇది స్వాంశమునఁ జారితార్థ్యము. ఆ నియమము వేఱొకచోటఁ గూడ నుపకరింపవలయును. ఇది యన్యత్ర ఫలము. వీనిలో నేది లోపించినను జ్ఞాపకము నిలువదు. క్రీడయందలి సూక్ష్మవిషయము నొకదానిని బట్టుకొని గుప్తార్థమును దెలుపువాఁ డెవ్వఁడైనను నీ పరీక్షకు నిలువవలయును.

మొదట నిలుచు వాదమును జూడవలయును. ‘ఆర్క్‌టూరియన్ హెరసీ’ అను గ్రంథ మొకటి క్రీడలోఁ గలదు. అది రాజచరిత్రకుఁ బ్రతికూలము. టైబర్ సెప్టిమ్ అసలు పేరు హ్యాల్టి యనియు, అతఁడు పుట్టినది హై రాక్ దేశమనియు, తనకుఁ దోడ్పడినవారిని వంచించి యేలిక యయ్యెననియు నది చెప్పును. శత్రువాక్యమని దీనిని దోసివేయవచ్చును. కాని ‘స్కైరిమ్’లో ఓల్డ్ హ్రోల్డన్ అనుచోట నొక పూటకూళ్లయిల్లు గలదు, టైబర్ సెప్టిమ్ అచ్చట శయనించెనని దాని యజమానురాలు చెప్పుకొనును. అచ్చటఁ గనఁబడు ప్రాచీనసైనికుని ప్రేతము ఆడువానిఁ జూచి హ్యాల్టి యని భ్రమించి, పూర్వ మతఁడిచ్చిన మాటను జెల్లింపుమని యడుగును. అధికారచరిత్రయే సత్యమైనచో నీ పేరిచ్చట వ్యర్థము. హ్యాల్టి యనునది టైబర్ సెప్టిమ్ పూర్వనామ మని యొప్పుకొన్నంతట నది సార్థకము. నిందాగ్రంథమంతయు నబద్ధము కాదని యితరత్రఁ గూడఁ దెలియుట ఫలము. నాలుగంశములును సరిపడినవి. అయినను జ్ఞాపకము తన సార్థక్యమునకుఁ గావలసినంతయే సాధించును; అంతకుమించి సాధింపదు. ఈ ప్రేతవాక్యము పేరును స్థాపించినదే కాని వంచనారోపమును స్థాపింపలేదు. పేరు నిజమగుటచేత నారోపమంతయు నిజమని చెప్పువారు జ్ఞాపకమును దాఁటి కల్పనలోఁ బడుచున్నారు.

ఇంక నిలువని వాదము. అల్ఫ్రిక్ థాల్మోరువారి గూఢచారి యనియు, అంతర్యుద్ధమంతయు నతఁడు వారి యాజ్ఞచేత నడపినదే యనియు నొక సిద్ధాంతము మిక్కిలి వ్యాపించియున్నది. దాని కాధారము థాల్మోర్ దౌత్యభవనమున దొరకు రహస్యపత్రము. అందు అల్ఫ్రిక్ తమ కుపయోగపడు సాధనముగఁ బేర్కొనఁబడినాఁడు. ఈ యొక్క పదమును బట్టుకొని సిద్ధాంతము కట్టినవారు తక్కిన పత్రమును జదివినట్లు తోఁపదు. అల్ఫ్రిక్ మహాయుద్ధమునఁ జెఱపడెను. విచారణలోఁ దాను బయటపెట్టిన సంగతులవలననే రాజధాని పడిపోయెనని యతనిని నమ్మించిరి. నిజమునకు నతఁడు లొంగకముందే రాజధాని పడిపోయియుండెను. తరువాత నతఁడు వారితోఁ బ్రత్యక్షసంబంధమునకు సమ్మతింపనివాఁ డయ్యెను. ఇవన్నియు నా పత్రమందలి సంగతులే. అంతియకాక, తిరుగుబాటుదారులు గెలుచుటయుఁ దమ కిష్టము కాదనియు, వారికిఁ బరోక్షముగఁ జేయు సాయము సైతము జాగ్రత్తతోఁ జేయవలయుననియు నందుఁ గలదు.

సాధన మను పదమున కా పత్రమే యర్థము చెప్పుచున్నది. అట్లుండ వైయర్థ్య మెక్కడిది? వైయర్థ్యము లేనిచో జ్ఞాపనము లేదు. పత్రము గూడఁ గల్పితవక్తృవాక్యమే కదా యనవచ్చును, నిజమే. కాని యది లోకమును మోసగించుటకై ప్రకటింపఁబడినది కాదు, తమవారికొఱకే వ్రాసికొన్న లేఖ. దానిని నమ్మఁదగనిచో దానియందలి యొక్క పదమును మాత్రము నమ్మి వాదించుట యర్ధజరతీయము.

చక్రవర్తి వధను గుఱించిన వాదమును నిట్టిదే. అమాండ్ మోటియెర్ అను ప్రభువు డార్క్ బ్రదర్‌హుడ్ అను హంతకసంఘమునకు సొమ్మిచ్చి రెండవ టైటస్ మీడును జంపింపఁజూచును. చక్రవర్తి తన యోడలో హంతకుని నెదుర్కొని కలవరపడక, తన్నుఁ జంపింపఁదలఁచినవానిని గూడ శిక్షింపుమని తుదికోరిక కోరును. మోటియెర్ వెనుక థాల్మోరే యుండె నని కొందఱు, చక్రవర్తియే తన చావును దాను గూర్చికొనె నని కొందఱును జెప్పుదురు. మోటియెరుకు దురాశయే ప్రేరక మనుకొనిన నది చాలును. ఆకాంక్ష యంతటితోఁ దీఱినది. ఇఁక వేఱొక ప్రేరకుని గల్పించుట గౌరవదోషము. మౌన మనుమతి కావచ్చునేమో కాని సాక్ష్యము మాత్రము కాదు.

థాల్మోరువారు తాలోసుపూజను మాన్పించుట సృష్టినే లయింపఁజేయుటకని చెప్పు వాదము మూఁడవది. దీని బలము క్రీడలయందు లేదు. ‘మారోవిండ్’ రచనలోఁ బాల్గొన్న మైకేల్ కిర్క్‌బ్రైడ్ క్రీడలకు వెలుపలఁ బ్రకటించిన రచనలలో నున్నది. కర్తలలో నొకఁ డగుటచే నతఁడాప్తుఁడు కాఁడా యని ప్రశ్న. వైయాకరణులు మునిత్రయమున నుత్తరోత్తరుని మాటకే ప్రాబల్య మిచ్చిరి. కాని వార్తికకారుఁడు చెప్పినది సూత్రములందలి యుక్తానుక్తదురుక్తముల విచారము. భాష్యకారుఁడు సూత్రాక్షరములనుండియే తన మాటను సాధించును. మూలముతో నట్టి లంకె గలవెలుపలిమాట గ్రాహ్యము. లంకె లేనిది స్వతంత్రకావ్యము. కిర్క్‌బ్రైడ్ రచన స్వతంత్రకావ్యముగ రమ్యమే. అయినను దౌత్యభవనమునఁ గనఁబడు రహస్యపత్రములలో లయసంకల్పపుఁ బ్రసక్తి యించుకయు లేదు, అందున్నది రాజ్యతంత్రమే.

ఇట్టి వాదములకు సమాధానము క్రీడయే తన కథలోఁ జెప్పియుండుట గమనింపఁదగినది. చిరకాలము మఱుఁగైయుండిన డ్రాగన్ సర్పములు మరల నవతరింపఁగా, థాల్మోరుకు బద్ధశత్రువగు డెల్ఫిన్ అను వీరవనిత యిది వారి పనియే యని నిశ్చయించును. ఆమె ప్రేరణచేతనే ఆడువాఁడు దౌత్యభవనమును రహస్యముగఁ బ్రవేశించును. అచ్చట దొరకిన పత్రములవలన థాల్మోరున కా విషయ మేమియుఁ దెలియదనియు, కారణము నెఱుఁగుటకు వారును వెదకుచున్నారనియుఁ దేలును. శత్రువు దుష్టుఁడే, కాని ప్రతి యుత్పాతమునకును నతఁడే కారణము కాఁడు. అల్ఫ్రిక్ పత్రమును నదే భవనమునఁ గనఁబడును. ఒక తప్పు సందేహము తీఱిన తావుననే చదువరులు మఱియొక తప్పు సందేహమును బెంచుకొనుట వింత.

క్రీడలపై నూహలు వినోదమాత్రము లగుటచే నింత పరీక్ష యేల యని యడుగవచ్చును. కారణము గలదు. ముద్రారాక్షసమున స్వామిభక్తి యందు లోపము లేని రాక్షసుని యుంగరమే చాణక్యునిచేతఁ జిక్కి, రాక్షసుని పక్షమును జీల్చినది. రాక్షసుఁడు మొదటినుండియుఁ జంద్రగుప్తునివాఁడే యని యెవఁడైన సిద్ధాంతము చేసినచో నాటకమున నేమి మిగులును? చాణక్యుని నీతికి విలువ పోవును; రాక్షసుని భక్తియు నబద్ధమగును. అల్ఫ్రిక్ విషయమును నట్టిదే. అతఁడు కూలికిఁ బనిచేయు ద్రోహియైనచో దుఃఖము లేదు, విచారింపవలసినదియు లేదు. ద్రోహిని దండించినఁ జాలును. పత్రము చెప్పున దంతకంటె దారుణము. అతని క్రోధము నిజము, అతని యభిమానము నిజము. ఆ నిజములే శత్రువున కుపకరించుచున్నవి. సామ్రాజ్యముయొక్క బలహీనతయు, సంధిపత్రముపైఁ జేసిన సంతకమును దాఁచఁబడినవి కావు, అందఱెదుటను నున్నవి. తెరవెనుక దుష్టు నొక్కనిఁ గల్పించుటవలన రాజులకును, ప్రజలకును, తుదకుఁ బక్షమును వరించు ఆడువానికిని బాధ్యత తొలఁగుచున్నది. ఏ పక్షముఁ జేరినను శత్రువునకు మేలు కలుగు నేమో యను వ్యథతో నిర్ణయించుటయే యీ కృతియందలి రసస్థానము. గూఢచారివాద మా వ్యథను మాపివేయును.

కాఁబట్టి చదువరి యూహింపవచ్చును. గ్రంథమున నొక యక్షరము వ్యర్థమై కనఁబడినప్పు డూహింపవలయును గూడ. కాని గ్రంథము తానే యర్థము చెప్పుచున్నచోట దానిని మూసి వేఱొక యర్థమును వెదకుట వ్యాఖ్యానము కాదు. హ్రోల్డన్ ప్రేతము పిలిచిన పేరు జ్ఞాపకము. అల్ఫ్రిక్ గూఢచారిత్వము కల్పన. ఈ రెండింటిని వేఱుపఱుపఁగలుగుటయే విమర్శ.