బోటు అడుగున బొటనవేలంత చక్రం

ఉప్పల్ చౌరస్తా మీదుగా నాగోలు వైపు పోయే మెట్రో తన వేగాన్ని చక్రం చుట్లతో లెక్కేసుకుంటుంది. కింద పట్టా కదలదు కాబట్టి ఎన్ని చుట్లు తిరిగిందో తెలిస్తే చాలు. చక్రం జారినా అరిగినా ఆ తేడా సరిచూసుకోవాలి. 2017 నవంబరు నుంచి మన తూర్పు హైదరాబాద్ రోజూ చూస్తున్న విద్య ఇది. చేపల బోటుకు ఈ సౌఖ్యం లేదు. దాని కింద పట్టా లేదు, ఉన్న నీరూ ఒకచోట నిలవదు. అయినా అక్కడా చక్రాన్నే నమ్ముకున్నారు.

ఆ చక్రం బొటనవేలంత ఉంటుంది. ప్లాస్టిక్‌ది, నాలుగు రెక్కలది, రెక్కల్లో అయస్కాంతాలు. బోటు అడుగు నుంచి సగం బయటికి తొంగిచూస్తూ ఎదురొచ్చే నీటికి తిరుగుతుంది. అయస్కాంతం దాటిన ప్రతిసారీ లోపలి హాల్ సెన్సర్ ఒక విద్యుత్ తాకిడి పంపుతుంది. సాధారణంగా ఒక నాటికల్ మైలుకు, అంటే 1,852 మీటర్లకు, ఇలాంటివి సుమారు 20,000. మూడు నాట్ల వేగంతో, అంటే గంటకు మూడు నాటికల్ మైళ్లతో, వల లాగుతుంటే సెకనుకు పదిహేడు దాకా వస్తాయన్నమాట. నాచారం పారిశ్రామికవాడలో లేతు మిషను మీద పనిచేసే వారి చేతికి దీన్నిస్తే ముందు ఇరుసు ఊగుతోందా అని చూస్తారు, తర్వాత రబ్బరు రింగు కూర్చునే గాడి మీద వేలు పెట్టి చూస్తారు. సరిగ్గా చూడాల్సినవీ అవే. ఎలక్ట్రానిక్స్ ఇందులో తేలిక భాగం.

జీపీఎస్ ఉండగా ఇదెందుకు? మన తీరంలో చాలా బోట్లు జీపీఎస్ చూపే వేగంతోనే సరిపెట్టుకుంటున్నాయి. కానీ జీపీఎస్ చెప్పేది నేల మీద వేగం. వల తెరుచుకునేది మాత్రం నీటి ఒరిపిడికి. బంగాళాఖాతపు పడమటి అంచున, మన తీరం వెంట సాగే ప్రవాహం ఏడాదిలో రెండుసార్లు దిశ మారుస్తుంది. ఎండాకాలం మొదట్లో ఉత్తరానికి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి. తెరమీద మూడు నాట్లు కనిపిస్తుంటే, ఒక నాటు ప్రవాహం ఎదురైనప్పుడు వల నిజంగా నాలుగు నాట్ల నీటిని ఈడుస్తుంది. అదే ప్రవాహం వెనక నుంచి తోస్తే రెండే. ఈడ్పు వేగపు వర్గంతో పెరుగుతుంది కాబట్టి రెండుకీ నాలుగుకీ మధ్య బరువు నాలుగింతలు. ఒక వైపు డీజిల్ మండిపోతుంది, మరో వైపు వల నోరు మూసుకుంటుంది. ఆ తేడా చెప్పేది ఈ చిన్న చక్రమే.

ఇక బిగింపు. బాగున్న బోటు అడుగున రెండంగుళాల కన్నం పెట్టాలి. దీనికి ధైర్యం కన్నా ఓపిక ఎక్కువ కావాలి. ముందు చోటు ఎంచాలి: పంకాకు బాగా ముందు, బోటు ఎంత ఊగినా నీటిలోనే మునిగి ఉండేలా, దానికి ముందు ఏ పట్టీ గానీ ఇంజనుకు నీళ్లు తీసుకునే గొట్టం గానీ లేకుండా. అలాంటి అడ్డు ఉంటే దాని వెనక నీరు నురగై వస్తుంది, నురగలో చక్రం అబద్ధం చెబుతుంది. చేపల జాడ చూసే సౌండరును దీని వెనక పెట్టకూడదు. ఈ చక్రం లేపే బుడగలు దాని కళ్లు కప్పుతాయి.

చోటు కుదిరాక లోపలి నుంచి సన్నని కన్నం వేసి, బయటికి వెళ్లి చూసి, సరిగా ఉందనిపించాకే పెద్ద రంపంతో కోస్తారు. ఆ కన్నంలో దిగి చక్రాన్ని పట్టుకునే గొట్టం లోహం విషయంలో పనివాడి తెలివి బయటపడుతుంది. విశాఖ సోనా బోట్ల వంటి చెక్క బోట్లకు కంచు గొట్టమే కావాలి. నీరు పీల్చి ఉబ్బే చెక్క ప్లాస్టిక్ గొట్టాన్ని చిట్లగొట్టగలదు. ఇనుప బోటులో కంచు పెడితే ఉప్పునీటిలో కంచు పక్కనున్న ఇనుము త్వరగా తుప్పు పట్టి తరిగిపోతుంది. గొట్టం చుట్టూ సీలెంటు దండిగా పట్టించి, మీది బాణం గుర్తు బోటు నడిమి గీతకు సమంగా ముందుకు చూసేలా పెట్టి, మరను చేత్తోనే బిగించాలి. చెక్కకు ఉబ్బడానికి జాగా వదలాలి మరి. పానా పట్టుకుని బలం చూపించేవాడు ఈ పనికి పనికిరాడు. బోటు నీటిలో దిగగానే కారుతోందేమో చూడాలి, మర్నాడూ చూడాలి.

నాకు ఇందులో అన్నిటికన్నా ముచ్చటేసేది చక్రం కాదు, దాని బదులు పెట్టే మూత. చక్రం ఉన్న సెన్సరు గొట్టంలోంచి పైకి ఊడి వస్తుంది. బోటు నీటిలో ఉండగానే దాన్ని లాగేసి మూత పెట్టొచ్చు. ఆ రెండు క్షణాల్లో నీరు ఉరికిరాకుండా గొట్టం లోపల చిన్న తలుపు దానంతటదే వాలుతుంది. అది పూర్తిగా ఆపదు, తడుపుతుంది, కానీ ముంచదు. పాడవుతుందని ముందే ఒప్పుకుని, బాగుచేసే దారి కూడా వస్తువులోనే పెట్టడం నిజమైన రూపకల్పన.

ఎందుకంటే అది పాడవుతుంది. వెచ్చటి రేవులో కదలకుండా నిలిస్తే పాచి, ఆ వెంటనే గుల్లలు పట్టి చక్రం బిగుసుకుపోతుంది. తెరమీద సున్నా. అందుకే బోటు వారానికి మించి ఆగితే సెన్సరు తీసి మూత పెట్టాలి. తీసినదాన్ని సబ్బునీటితో, మెత్తని కుంచెతో కడగాలి. గుల్లలు పట్టకుండా వేసే రంగు నీటితో కలిపేదే వాడాలి. థిన్నరు రంగు ప్లాస్టిక్‌ను కొరికేస్తుంది. రబ్బరు రింగులకు సిలికాన్ గ్రీజు రాయాలి, మామూలు ఇంజను గ్రీజు వద్దు.

కొత్తగా పెట్టాక కొలత సరిచూడాలి. ఇంజను వేగం మార్చకుండా ఒకే దారిలో పోయి రావడమే మార్గం. పోతున్నప్పుడు జీపీఎస్ 4.5 నాట్లు, వస్తున్నప్పుడు 3.5 చూపిస్తే సగటు నాలుగు. ప్రవాహం ప్రభావం రెండు వైపులా చెల్లుకు చెల్లయింది, దాని వేగం అర నాటు అని కూడా తేలింది. సెన్సరు రెండు సార్లూ 3.6 చూపితే దాన్ని 1.11తో హెచ్చించమని పరికరానికి చెప్పాలి.

మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మర బోట్ల వేట ఆగుతుంది. బోట్లు ఒడ్డెక్కే ఆ రోజులే ఈ పనికి అదను. బోటు యజమానులకు ఒక్క మాట: కొనేముందు కిందికి దిగి, గొట్టం పెట్టబోయే చోట చెయ్యి పట్టి సెన్సరును పైకి లాగే జాగా ఉందో లేదో చూసుకోండి. లేకపోతే ఆ చోట కన్నం పెట్టించకండి.